పిట్ట దూరం, లెన్సు బరువు
పాఠకుల ఫొటోలు, ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: "మాస్టారూ, ఏ లెన్సు కొనమంటారు?" ఫొటో ఎలా ఉందో చెప్పమన్నవాళ్లు తక్కువ. నేను మాత్రం ముందు ఫొటో గురించే మాట్లాడతాను. విజయనగరంలో హైస్కూలు పిల్లలకి డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి. పెన్సిల్ ఏ కంపెనీదో అడక్కుండా ముందు గీత చూసే అలవాటు ఇంకా పోలేదు. కొత్తవాళ్లకి ఒక మాట: 55-250 లాంటి లెన్సు అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ దూరపు పిట్ట పెద్దగా కనిపిస్తుంది.

"మాస్టారూ, టెక్కలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా దగ్గర కెనాన్ 1500డి కెమెరా, 55-250 లెన్సు ఉన్నాయి. తేలినీలాపురంలో తీసిన ఐదు ఫొటోలు పంపుతున్నాను. పిట్టలు చిన్నగా, మసకగా వస్తున్నాయి. సిగ్మా 150-600 వాయిదాల మీద తీసుకుందామనుకుంటున్నాను. మీరు ఒక మాట రాస్తే నాన్నగారు ఒప్పుకుంటారు."

బాబూ, ఈ జవాబు నాన్నగారికి చూపిస్తే నీకే నష్టం. ముందు నువ్వొక్కడివే చదువుకో.

నువ్వు పంపిన మొదటి మూడు ఫొటోలూ మసకే. కానీ మూడూ మూడు రకాల మసకలు. మొదటి దాంట్లో గూడబాతు (పెలికాన్) దిగుతోంది. పక్కనున్న కొమ్మ, దాని మీద బెరడుతో సహా స్పష్టంగా ఉంది. పిట్ట రెక్కల చివర్లు మాత్రం అలికినట్టున్నాయి. ఫైల్ వివరాలు చూస్తే షట్టర్ స్పీడ్ 1/250, అంటే సెకనులో 250వ వంతు, అని ఉంది. పెలికాన్ పెద్ద పిట్టే, రెక్క నెమ్మదిగానే కొడుతుంది. అయినా దిగేటప్పుడు దాన్ని ఆపాలంటే 1/1250 అయినా ఉండాలి. 1/2000 పెట్టుకుంటే బెంగ ఉండదు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే జోరు, 100 దగ్గరే ఉంచేశావు. 400కో 800కో పెంచితే కొంచెం గరుకు వస్తుంది. గరుకుని కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు. అలికిపోయిన రెక్కని ఎవరూ బాగుచెయ్యలేరు.

రెండో దాంట్లో పిట్ట కదల్లేదు, అయినా మసకే. ఎందుకో తెలుసా? ముందున్న చింతాకు మీద ఫోకస్ ఉంది. నీ కెమెరాలో ఫోకస్ పాయింట్లు తొమ్మిది. తొమ్మిదింటినీ తెరిచిపెడితే ఏది దగ్గరుంటే దాన్ని పట్టుకుంటుంది. మధ్య పాయింటు ఒక్కటే ఉంచు. ఆ కెమెరాలో గట్టిగా పనిచేసేది కూడా అదే. దాన్ని పిట్ట కంటి మీద పెట్టు. ఎగిరే పిట్టకైతే ఏఐ సెర్వోకి, అంటే కదిలేదాని వెంట ఫోకస్ వెళ్లే పద్ధతికి, మార్చు.

మూడోది అసలు కథ. అందులో పిట్టా, గూడూ, కొమ్మా అన్నీ నీళ్లలోంచి చూసినట్టు వణుకుతున్నాయి. టైము ఉదయం 11.20. రోడ్డు, ఎండిన మడి కాగి, వేడి గాలి పైకి లేస్తున్నప్పుడు నువ్వు చాలా దూరం నుంచి తీశావు. నీకూ పిట్టకీ మధ్యనున్న గాలే మసకగా ఉంది. అక్కడ 600 పెడితే పిట్ట ఎంత పెద్దదవుతుందో వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. లక్ష రూపాయల లెన్సయినా వేడి గాలిని ఏమీ చెయ్యలేదు. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర ఈ బాధ ఇంకా ఎక్కువ. నేను విజయనగరంలో పొద్దున్నే బండెక్కి నౌపడలో దిగి, ఆటోలో వెళ్లేసరికే ఎండ కాస్త ముదురుతుంది. నీకు టెక్కలి నుంచి తేలినీలాపురం ఎంత దూరమని! తెల్లారే సరికి చెట్ల కింద ఉండగలవు. ఆ ఒక్క విషయంలో నీ మీద నాకు అసూయ.

నాలుగో ఫొటోలో పిట్ట ఒళ్లంతా తెల్లగా కాలిపోయింది, ఈకన్నది లేదు. బొమ్మ గీసేటప్పుడు తెలుపుకి రంగు వెయ్యం. కాగితాన్ని వదిలేసి, నీడ వేస్తాం. ఆ నీడే ఈకల్ని చూపిస్తుంది. కెమెరాకి ఆ తెలివి లేదు. ఎదురుగా ఏదున్నా సగటున బూడిద రంగు వచ్చేలా వెలుతురు లెక్క కడుతుంది. వెనక ముదురు ఆకులుంటే మొత్తం చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, తెల్ల పిట్ట మాడిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా వెలుతురు లెక్కని మనం సరిచేసే ఏర్పాటు) మైనస్ 2/3 దగ్గర్నుంచి మైనస్ 1 వరకు తగ్గించు. అదే పిట్ట ఆకాశంలోకి ఎగిరితే లెక్క తిరగబడుతుంది. వెనక వెలుతురు ఎక్కువ కాబట్టి పిట్ట నల్లబడిపోతుంది, ప్లస్ 1 పెట్టాలి. మొదట్లో ఒక ఫొటో తీసి వెనక స్క్రీన్ మీద తెల్లగా మెరిసే హెచ్చరిక చూసుకుని సరిచేసుకో. రా ఫైల్ (కెమెరా మార్పులు చెయ్యని అసలు ఫైల్) పెట్టుకుంటే ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది.

ఐదోది చూసి నేను కుర్చీలోంచి కొంచెం ముందుకి జరిగాను. పెయింటెడ్ స్టార్క్ కొంగ ఒకటి ముక్కుతో పుల్ల పట్టుకుని వస్తోంది, గూట్లో ఉన్నది మెడ చాచి అందుకోబోతోంది. ఆ రెండు ముక్కుల మధ్య జానెడు ఖాళీ ఉంది చూడు, బొమ్మంతా అక్కడే ఉంది. అంత ఆకాశం అవసరం లేదు, పైనా కుడివైపునా కోసెయ్. కింద గూడు మాత్రం పూర్తిగా ఉండనీ. ఇది కూడా 55-250తో తీసిందే కదా!

అన్నట్టు, దాని కింద "సైబీరియా అతిథులు" అని రాశావు. ఊళ్లో అందరూ అనే మాటే, పేపర్లోనూ వస్తుంటుంది. కానీ ఈ గూడబాతులూ ఈ పెయింటెడ్ స్టార్కులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పిట్టలు. మన చెరువులూ మన చెట్లే వాటి ఇల్లు. గూళ్లు కట్టుకునే కాలానికి తేలినీలాపురం చేరతాయి, పిల్లలు ఎగిరాక తలో దిక్కూ పోతాయి. వచ్చేసారి "గూటికి పుల్ల" అని రాయి, చాలు.

లెన్సు సంగతికొస్తే, ఈ సీజన్ అంతా ఉన్నదాంతోనే తియ్యి. నీ కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి 250 అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారు కెమెరా) మీద 400కి సమానం. ఊరి నడుమ చెట్ల మీదున్న గూళ్లకి అది చాలు. అటవీ శాఖ వాళ్ల వాచ్ టవర్ ఎక్కితే గూళ్లకి ఇంచుమించు ఎదురుగా ఉంటావు. కింద నుంచి పైకి తీస్తే పిట్ట పొట్టే కనిపిస్తుంది. అప్పటికీ పొడుగు లెన్సు కావాలనిపిస్తే 600 కంటే ముందు సిగ్మా 100-400 చూడు. దాని బరువు 1160 గ్రాములు, 600ది 1930 గ్రాములు. 1500డి లాంటి తేలిక కెమెరాకి ఆ 600 తగిలిస్తే కెమెరా లెన్సుకి వేలాడుతుంది.

"నమస్కారమండీ. బొబ్బిలి దగ్గర పల్లెటూరు మాది. మా పొలం బావి మీదకి వంగిన ఈత చెట్టుకి గిజిగాళ్లు గూళ్లు కట్టాయి. సోనీ కెమెరాతో, 70-350 లెన్సుతో తీశాను. మా వారు ఆకులు అడ్డొస్తున్నాయి, రెండు కమ్మలు కొట్టేస్తానంటున్నారు. కొట్టమంటారా?"

వద్దమ్మా. కత్తి లోపల పెట్టేయమని మీ వారికి చెప్పండి. గూడు బయటపడితే కాకికీ పాముకీ దారి చూపించినట్టే. పైగా మీ మొదటి ఫొటోకి అందం తెచ్చింది ఆ కమ్మలే. మగది తలకిందులుగా గూటికి వేలాడుతూ రెక్కలు కొడుతోంది, పసుపు తల మీద ఒక్క కమ్మ నీడ పడింది. ఆడపిట్టని పిలిచే ఆట అది. ఆ గూడు సగమే అయింది, టోపీ బోర్లించినట్టుంది. ఆడది వచ్చి లోపలకి దూరి చూసి ఒప్పుకుంటేనే మగది కింద గొట్టం అల్లుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలా వేలాడుతూ ఉండిపోతుంది. మీ ఫొటోల్లో అలాంటివి రెండు కనిపిస్తున్నాయి.

రెండో ఫొటోలో తప్పు ఒక్కటే. గొట్టం చివర కోసేశారు. గిజిగాడి గూటికి గొట్టమే గుమ్మం. అది లేకపోతే చూసేవాడికి పిట్ట ఎటునుంచి దూరుతుందో తెలియదు. కెమెరా నిలువుగా తిప్పి తియ్యండి.

వెలుతురు గురించి అడగలేదు గానీ చెబుతాను. గిజిగాళ్లు ఎక్కువగా చెట్టుకి తూర్పు వైపు గూళ్లు కడతాయి, నైరుతి వాన గాలి నేరుగా తగలకుండా. అంటే పొద్దుటి ఎండ గూళ్ల మీద తిన్నగా పడుతుందన్నమాట. మీరు పంపినవన్నీ సాయంత్రం తీసినవి. అందుకే గూళ్లు నల్లగా, వెనక ఆకాశం తెల్లగా ఉన్నాయి. రేపు పాలు పితికే వేళకి బావి దగ్గరకి వెళ్లండి. 70-350 మంచి లెన్సు, మార్చాల్సిన పని లేదు. మగది రెక్కలు కొడుతుండగా 1/1600 దగ్గర ఒకటి, 1/60 దగ్గర గట్టు మీద కెమెరా ఆనించి ఒకటి పంపండి. ఆ రెండోదాంట్లో రెక్కలు పసుపు పొగలా వస్తాయి. నాకు అలాంటివంటే ఇష్టం. ఎడిటర్ గారికి ఇష్టం లేదు.

"సార్, నేను విజయనగరంలో రైల్వే ఉద్యోగిని. నికాన్ డి7500 ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ 200-500, సిగ్మా 150-600 కంటెంపరరీ రెండూ దొరుకుతున్నాయి. ఏది తీసుకోవాలి? తాటిపూడి రిజర్వాయర్ దగ్గర తీసిన లకుముకి పిట్ట ఫొటో జత చేశాను."

ముందు మీ లకుముకి. నలుపు తెలుపు రకం, నీటి మీద గాల్లో ఒకేచోట నిలబడి కిందకి చూస్తోంది. కన్ను దగ్గర చిన్న మెరుపు ఉంది, ఫోకస్ కచ్చితం. కానీ పిట్ట బొమ్మకి సరిగ్గా మధ్యలో ఉంది. అది చూసేది కిందకి కదా, కింద చోటు ఎక్కువ వదలండి. పిట్టని పైకి జరిపి కోస్తే దూకబోతోందని చూసేవాడికి అర్థమవుతుంది. నీటి గీత ఎడమ వైపుకి వాలింది, దాన్నీ తిన్నగా చెయ్యండి. రిజర్వాయర్లోంచి నీళ్లు కారిపోతున్నట్టుంది.

లెన్సుల విషయానికి వస్తే, 600కీ 500కీ తేడా పేపరు మీద కనిపించినంత ఉండదు. బొమ్మలో పిట్ట ఐదో వంతు పొడుగు పెరుగుతుంది, అంతే. వెలుతురులో నికాన్‌దే కొంచెం పైచేయి. 500 దగ్గర కూడా ఎఫ్5.6 ఇస్తుంది (ఎఫ్ అంకె చిన్నదైతే లోపలికొచ్చే వెలుతురు ఎక్కువ). సిగ్మా 600 దగ్గర ఎఫ్6.3. ఇది కూడా చిన్న తేడాయే. చేతికి తెలిసే తేడా బరువు. నికాన్ 2300 గ్రాములు, సిగ్మా 1930. నికాన్ జూమ్ రింగ్ చాలా దూరం తిరుగుతుంది. 200 నుంచి 500కి వెళ్లడానికి ఒకసారి చెయ్యి మార్చి పట్టుకోవాలి. ఈలోపు లకుముకి చేపతో వెళ్లిపోతుంది. సిగ్మాని ముందు భాగం పట్టుకుని లాగి కూడా జూమ్ చెయ్యొచ్చు.

నన్నడిగితే, మీరు నీటి పిట్టలు ఎక్కువ తీస్తారు, అవి దూరంలో కూర్చుంటాయి, ఎక్కువసేపు కదలవు. దానికి నికాన్. నడిచి తిరిగేవాళ్లయితే సిగ్మా. నా దగ్గరున్నది ఈ రెండూ కాదు, పాత నికాన్ 300 ఎఫ్4. జూమ్ లేదు, వణుకు ఆపే ఏర్పాటూ లేదు. బరువు 1440 గ్రాములు. నా భుజానికి అదే గరిష్ఠం. జూమ్ లేకపోతే కాళ్లు పనిచేస్తాయి.

సెకండ్‌హ్యాండ్ కాబట్టి చూసుకోవాల్సినవి చెబుతాను. రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలెయ్యండి. రెండు మూడు దుమ్ము రేణువులకి భయపడొద్దు. లెన్సుని నేలకి వంచి పట్టుకుంటే గొట్టం దానంతట అది జారిపోతోందా చూడండి. కొంచెం జారడం మామూలే, ధడాలున పడితే మాత్రం కాదు. గోడకి న్యూస్‌పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద పెట్టి, జూమ్ చివరి దాకా లాగి, పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో మధ్యా నాలుగు మూలలూ తీసి అక్కడే పెద్దది చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకైతే లోపల ఏదో అద్దం పక్కకి జరిగిందని. ముందు భాగానికి 95 మిల్లీమీటర్ల యూవీ ఫిల్టర్ తగిలించి ఇస్తే సంతోషంగా తీసుకుని, ఇంటికెళ్లాక ఊడదీసెయ్యండి. చవక అద్దం పొడుగు లెన్సు పదును తినేస్తుంది. రక్షణకి లెన్సు ముందు తగిలించే గొట్టం, హుడ్, చాలు.

ఇంకొకటి, బీన్ బ్యాగ్ (కెమెరా ఆనించుకునే మెత్తటి సంచి) కొనకండి. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి ఒక వైపు కుట్టి, రెండో వైపు జిప్ పెట్టించుకోండి. ఇంట్లోంచి ఖాళీగా పట్టుకెళ్లి, అక్కడి ఇసుకని ప్లాస్టిక్ సంచిలో పోసి అందులో దూర్చండి. కారు కిటికీ మీదా, వంతెన గోడ మీదా ట్రైపాడ్ కంటే బాగుంటుంది.

"అన్నా, ఇచ్ఛాపురం నుంచి. తేలుకుంచి కొంగలు మొత్తం ఒకేసారి లేచిన ఫొటో ఇది. చప్పట్లు కొడితే లేచాయి. దీన్ని పోటీకి పంపొచ్చా? వచ్చేవారం ఫ్రెండ్ డ్రోన్ తెస్తానన్నాడు. పైనుంచి తీస్తే ఇంకా బాగుంటుంది కదా? ఇంకో డౌటు, చివరి ఫొటోలో ఉన్నది వేరే జాతి కొంగా?"

తమ్ముడూ, ఈ ఫొటో ఎక్కడికీ పంపకు. ఈ శీర్షికలోనూ వెయ్యడం లేదు.

కారణం చెప్పాలి కదా. తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు వచ్చేది పిల్లల్ని పెంచుకోవడానికి. వానలు పడే ముందు వస్తాయి, గుడ్లు పెడతాయి. పెద్ద పిట్ట లేస్తే గూట్లో గుడ్డో, ఈకలు రాని పిల్లో ఎండకి ఒంటరిగా మిగులుతుంది. ఎండలో తల్లి రెక్కలు చాచి నీడ పట్టడం నువ్వూ చూసే ఉంటావు. కాకి ఆ క్షణం కోసమే పక్క కొమ్మ మీద కూర్చుంటుంది. నీ ఫొటో కింద ఎడమ మూల పెద్దది చేసి చూడు, కాకి గూటి అంచు మీద వాలి ఉంది. నువ్వు చూసుకోలేదు. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లనీ గూళ్లనీ చెదరగొట్టడం కూడా ఉంది. డ్రోన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పైనుంచి వచ్చే ఏ చప్పుడైనా వాటికి గద్దే. ఆ ఊరివాళ్లు ఆ కొంగలు వస్తేనే వానలని నమ్మి, ఇళ్ల పక్క చెట్ల మీద రెట్టల వాసన భరించి కాపాడుకుంటున్నారు. వాళ్ల పెరట్లో నిలబడి చప్పట్లు కొడతావా?

కోపం అయిపోయింది. ఇప్పుడు చివరి ఫొటో. అది వేరే జాతి కాదు, పిల్ల కొంగ. ఓపెన్‌బిల్ పేరుకి కారణమైన ముక్కు మధ్య సందు పెద్దవాటికే ఉంటుంది. పిల్లలకి ముక్కు కలిసే ఉంటుంది, పెరిగే కొద్దీ సందు పడుతుంది. తెలియకుండానే నువ్వు మంచి ఫొటో తీశావు. పిల్లా తల్లీ ఒకే బొమ్మలో పక్కపక్కన వచ్చేలా తీస్తే ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఎగిరేవి కావాలంటే పొలాల్లోకి వెళ్లు. మేతకి వెళ్లేవీ వచ్చేవీ పొద్దున్నుంచీ వరసగా తిరుగుతూనే ఉంటాయి, చప్పట్లు అక్కర్లేదు. ఊడ్పు మళ్లలో నత్తల్ని ఏరుకుంటాయి. గట్టు మీద బోర్లా పడుకుని కెమెరాని నీటి మట్టానికి దించి తీస్తే, వెనకనున్న పచ్చదనమంతా ఒకే రంగులో కలిసిపోతుంది. నత్త గుల్ల పగలకుండా లోపలి మాంసాన్ని ఎలా లాగుతుందో ఒక వరస ఫొటోలు తియ్యి. నీ 70-300 లెన్సుతోనే అవుతుంది. అది పంపితే తప్పకుండా వేస్తాను.

"మాది సోంపేట వైపు. సాయంత్రాలు జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. చీకట్లో తియ్యడానికి ఏ లెన్సు, ఎంత ఐఎస్ఓ?"

ఏ లెన్సూ వద్దు. మీ ఉద్దానం వైపు ఎలుగుబంటి అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? దానికి చూపు అంతంతమాత్రం. పుట్టలోంచి చెదలు పీల్చేటప్పుడు తన చప్పుడులో మన అడుగు వినపడదు. దగ్గరికెళ్లాక ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే మీద పడుతుంది. పిల్లలున్నది అయితే చెప్పనే అక్కర్లేదు. పనస, జీడిమామిడి పండే రోజుల్లో సాయంత్రం తోటలోకి కెమెరాతో వెళ్లడం నేను ప్రోత్సహించను. రోడ్డు మీద కనిపిస్తే కారు అద్దాలెత్తి లోపలి నుంచే తియ్యండి, లేకపోతే లేదు.

పట్టపగలు, మనుషులు పని చేస్తున్నప్పుడు వెళ్లి తవ్విన చెదపుట్టలు తియ్యండి. మెత్తటి మట్టిలో పాదం ముందు పొడుగు గోళ్ల గుర్తులు విడిగా పడతాయి. పక్కన అగ్గిపెట్టె పెట్టి కొలత తెలిసేలా తీస్తే అదీ వైల్డ్‌లైఫ్ ఫొటోనే. మామూలు 18-55 చాలు.

"బారువ బీచిలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు ఫ్లాష్ వాడొచ్చా అండీ?"

వాడకూడదు. ఆలివ్ రిడ్లీ పిల్లలు ఎక్కడ వెలుతురు ఎక్కువ కనిపిస్తే అటే నడుస్తాయి. చీకట్లో సముద్రం మీద ఆకాశం కాస్త వెలుగుగా ఉంటుంది, అదే వాటి దారి. మీ ఫ్లాష్, ఫోన్ టార్చ్ ఆ దారి చెడగొడతాయి. తెల్లవారుజామున వదిలితే కొంచెం ఆగండి, సరిపడా వెలుతురు వస్తుంది. వాటి వెనకాల ఇసుకలో పడుకుని, వెడల్పు లెన్సుతో, పిల్లా అలా రెండూ వచ్చేలా తియ్యండి. వాటి ముందు మాత్రం నిలబడొద్దు. అడుగు వేసే ముందు కిందకి చూసుకోండి.

"కళింగపట్నం నుంచి రాస్తున్నాను మాస్టారూ. లెన్సు లోపల తెల్లటి పోగులు కనిపిస్తున్నాయి. బీరువాలో చీర మడతల మధ్య జాగ్రత్తగా పెట్టాను, అయినా వచ్చింది. పారెయ్యడమేనా?"

చీర మడతలే కొంప ముంచాయమ్మా. గుడ్డ, తోలు సంచి, మూసిన బీరువా – తేమ పట్టి ఉంచేవన్నీ ఫంగస్‌కి ఇష్టం. సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఇది తప్పని తలనొప్పి. మీరు పంపిన ఫొటో ప్రకారం అంచునే ఉంది. అంతవరకు మామూలు ఫొటోల్లో తేడా తెలియదు. సూర్యుడికి ఎదురు తీసినప్పుడే తెల్లటి పొరలా వస్తుంది. పారెయ్యకండి, కానీ మంచి లెన్సులతో కలిపి పెట్టకండి. లెన్సులు విప్పడం పనిగా చేసే మనిషి చేతికే ఇవ్వండి. ఫోన్లు బాగుచేసే కుర్రాడు "నేను విప్పేస్తానక్కా" అంటే నవ్వి ఊరుకోండి.

మిగిలిన లెన్సులకి వంటింట్లో వాడే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అందులో సిలికా జెల్ వేసి, తేమ చూపించే చిన్న మీటరు పెట్టండి. ముల్లు 40, 50 మధ్య ఉంటే బాగు. మరీ 30 కంటే కిందకి దించకండి, లోపలి జిడ్డు ఎండిపోతుంది. సిలికా గుళ్లు రంగు మారాక సన్నటి సెగ మీద పెనంలో వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. ఆ పెనం ఇక అట్లకి వాడొద్దు. బీచి నుంచి రాగానే లెన్సు పైభాగాన్ని మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పూ ఇసుకా గీతలు పెడతాయి. అన్నిటికంటే మంచి మందు, వారానికోసారి లెన్సు బయటకి తీసి వాడటం. మీ లెన్సు ఎప్పట్నుంచి బీరువాలో ఉందో నేను అడగను.

"సార్, నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. కెమెరా లేదు, ఫోనే. మా ప్రహరీ మీద తొండ ఫొటో పంపుతున్నాను. ఫోన్‌తో తీస్తే వైల్డ్‌లైఫ్ కాదంటున్నారు మా తమ్ముడు వాళ్లు."

మీ తమ్ముడు వాళ్ల మాట పక్కన పెట్టండి. ఈ నెల వచ్చిన వాటిలో నేను ఎక్కువసేపు చూసిన ఫొటో ఇదే.

గొంతు ఎర్రగా ఉబ్బించి, ముందు కాళ్ల మీద లేచి, కెమెరా వైపే చూస్తోంది. జత కట్టే రోజుల్లో మగ తొండకి వచ్చే రంగు అది. తల ఆడించడం "ఇది నా గోడ" అని చెప్పడానికి. మీరు గోడ అంచుకి ఫోన్ ఆనించి, దాని కంటి మట్టంలో తీశారు. పెద్ద కెమెరాలున్న చాలామంది నిలబడే తీస్తారు, తొండ వీపు తప్ప ఏమీ కనపడదు. వెనకనున్న నీలం రేకు దూరంగా కలిసిపోయి ఎరుపుని ఇంకా పైకి తెచ్చింది. ఆ రేకు కావాలనే పెట్టుకున్నారో, అదృష్టమో నాకు తెలియదు గానీ, బాగుంది.

ఒక్క లోపం ఉంది, అది ఫోన్ చేసింది. పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశారు. ఆ మోడ్‌లో వెనక మసక నిజంగా లెన్సు ఇచ్చేది కాదు. ఏది జంతువు, ఏది నేపథ్యం అన్నది ఫోన్ ఊహించి మిగిలింది మసక చేస్తుంది. అందుకే వీపు మీది ముళ్లలో నాలుగైదు మాయమయ్యాయి, తోక సగం దగ్గర గోడలో కలిసిపోయింది. ఆ మోడ్ ఆపెయ్యండి. వేళ్లతో లాగి జూమ్ చెయ్యకుండా, 2ఎక్స్ బటన్ ఉంటే అది వాడండి, లేకపోతే తీశాక కొయ్యండి. కంటి మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది, తొండ తల ఆడించినా మారదు. తీసే ముందు చీర చెంగుతో కాకుండా మెత్తటి గుడ్డతో ఫోన్ అద్దం తుడవండి, జీడి నూనె మరక ఉన్నట్టుంది.

ఈ పేజీ పైన మీ తొండనే వేద్దామని ఎడిటర్ గారితో అన్నాను, ఒప్పుకున్నారు. కొన్ని ఫోన్లలో పోర్ట్రెయిట్ తీసినా మసక లేని అసలు ఫొటో పక్కనే దాచి ఉంటుంది. గ్యాలరీలో ఆ ఫొటో తెరిచి, ఎడిట్‌లోకి వెళ్లి మసక తగ్గించే గీతని సున్నాకి లాగి చూడండి. ముళ్లన్నీ తిరిగొస్తే ఆ ఫైల్ పంపండి, కుదించకుండా.